మా ఆఫీసు ముచ్చట్లు: ఒక రిటైర్మెంట్, ఒక గ్రూప్-4, ఒక మెమో

2025 జనవరి 31న సాయంత్రం నాలుగింటికి మా డిస్పాచ్ సూపరింటెండెంట్ సార్‌కి సెమినార్ హాల్లో శాలువా కప్పి, బొకే చేతిలో పెట్టి, సమోసా, మైసూర్‌పాక్ ప్లేట్లు పంచి, అయిదున్నరకల్లా హాలుకి తాళం వేసేశాం. ముప్పై ఏడేళ్ల సర్వీసు గంటన్నరలో సర్దేశాం. సోమవారం నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. ఫలానా వారు పదవీ విరమణ చేశారు, ఆ సీటు బాధ్యతలు ఫలానా సెక్షన్ వారు అదనంగా చూస్తారు అని రెండే లైన్లు. ఆ కాగితం ముందు నిలబడి టీ తాగుతుంటే ఎందుకో ఒళ్లు మండింది. ఈ రెండు నెలల్లో మా డిపార్ట్‌మెంట్‌లో ఎవరెవరు వెళ్లారో, ఎవరొచ్చారో బోర్డు మీద పట్టనిదంతా ఇక్కడ రాసేస్తాను.

మాది హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ దూరవిద్యా విభాగం. పేరు చెప్పను, రేపు పొద్దున మళ్లీ అదే ఆఫీసుకి బస్సులో ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ తీసుకుని వెళ్లాలి కదా. నేను స్టూడెంట్ సర్వీసెస్‌లో సీనియర్ అసిస్టెంట్‌ని. అంటే కౌంటర్లో కూర్చునే మేడమ్. హాల్‌టికెట్ రాలేదు, మార్కుల మెమోలో పేరు తప్పు పడింది, టీసీ కావాలి, పుస్తకాలు అందలేదు, ఇవన్నీ నా దగ్గరికే వస్తాయి. చివరిది వచ్చినప్పుడల్లా నేను ఇంటర్‌కమ్‌లో సార్‌కి చేసేదాన్ని. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆయన "రాసి పంపించండి, చూస్తాం" అనలేదు. లైన్లో ఉండగానే రిజిస్టర్ తిప్పుతున్న చప్పుడు వినిపించేది.

డిస్పాచ్ సెక్షన్ అంటే కింద సెల్లార్‌లో పొడవాటి గది. మెట్లు దిగుతుంటేనే గమ్ వాసన, ప్రెస్ నుంచి అప్పుడే దిగిన పుస్తకాల ఇంకు వాసన కలిసి కొడతాయి. సార్ సూపరింటెండెంట్ అయ్యాక కూడా సీజన్‌లో చొక్కా చేతులు మడిచి ప్యాకింగ్ బల్ల దగ్గర నిలబడేవారు. పెద్ద పుస్తకం కింద, చిన్నది పైన పెట్టి, మూలలకి అట్ట ముక్కలు మడిచి, బ్రౌన్ పేపర్ చుట్టి, సుతిలి తాడు అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తిప్పి లాగేవారు. ముడి మాత్రం లేబుల్ వైపు రానిచ్చేవారు కాదు. పోస్టాఫీసులో ముద్ర కొట్టేటప్పుడు కింద ముడి తగిలితే ముద్ర సగమే పడుతుందని, సగం పడ్డ ముద్రతో రేపు ఎవరైనా తేదీ అడిగితే చూపించేదేమీ ఉండదని. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరు లేబుల్ వైపు ముడి వేసినా ఏమీ అనకుండా విప్పి, మళ్లీ వాళ్ల చేతికే ఇచ్చేవారు.

పిన్ కోడ్ మొదటి మూడు అంకెలు చూసి గోడవారగా గుట్టలు వేయడం కూడా ఆయన పద్ధతే. 503 నిజామాబాద్, 504 ఆదిలాబాద్ వైపు, 507 ఖమ్మం, 508 నల్లగొండ. ఒకసారి ఒక లేబుల్ మీద ఊరు కొత్తగూడెం అని ఉంది, పిన్ మాత్రం 504తో మొదలైంది. నేను పిన్ దిద్ది పంపించేద్దాం అన్నాను. సార్ ఒప్పుకోలేదు. "ఊరు అలవాటు కొద్దీ రాస్తరమ్మా, పిన్ అడిగి రాస్తరు. ఫోన్ చేసి అడుగు" అన్నారు. చేస్తే, అతను సింగరేణి ఉద్యోగి, కొత్తగూడెం నుంచి మందమర్రికి బదిలీ అయి నెల కూడా కాలేదు. చేయి పాత ఊరే రాసేసింది. నేను దిద్ది ఉంటే ఆ పుస్తకాలు తాళం వేసిన పాత క్వార్టర్ దాకా పోయి, 'అడ్రస్సీ లెఫ్ట్' అని పోస్ట్‌మ్యాన్ చేత రాయించుకుని, నెలన్నరకి మళ్లీ మా సెల్లార్‌కే వచ్చేవి. ఈలోపు అసైన్‌మెంట్ గడువు అయిపోయేది.

ఆయన చివరి నెలన్నర మాత్రం ప్రశాంతంగా గడవలేదు. 2024 డిసెంబరు 18 నుంచి పోస్టల్ వాళ్లు రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఎత్తేశారు. పుస్తకాలకి విడిగా ఉండే చౌక రేటు అది, మాలాంటి ఆఫీసులకి ప్రాణం. మా మనిషి రోజూ లాగే బస్తాలతో వెళ్తే, సిస్టమ్‌లో ఆ ఆప్షనే కనబడట్లేదని కౌంటర్లో చెప్పారట. బస్తాలు అలాగే ఆటోలో వెనక్కి తెచ్చాడు. అవే ప్యాకెట్లు పార్శిల్ రేటుకి పంపాలంటే బడ్జెట్ ఎక్కడ సరిపోతుంది? రిటైర్మెంట్ నెల పెట్టుకుని, పెన్షన్ కాగితాలకీ నో డ్యూస్‌కీ తిరగాల్సిన మనిషి, ఏ జిల్లా ప్యాకెట్లు ఆ జిల్లా స్టడీ సెంటర్‌కి కట్టగట్టి పంపి, విద్యార్థులు ఆదివారం కాంటాక్ట్ క్లాసుకి వచ్చినప్పుడు చేతికిచ్చేలా నోట్ తయారు చేసి పుటప్ చేశారు. ఆ ఫైలు ఇంకా పై అంతస్తులోనే ఉంది. ఏ టేబుల్ మీద ఉందో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

ఇంకో విచిత్రం. జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం యూనివర్సిటీ అధ్యాపకుల రిటైర్మెంట్ వయసు 60 నుంచి 65కి పెంచుతూ ఉత్తర్వులిచ్చింది. 31న మా సార్ రిటైర్మెంట్. ఉత్తర్వులు టీచింగ్ వాళ్లకే. పై అంతస్తులో స్వీట్లు పంచుకుంటున్నారు, కింద మేం శాలువా కొనడానికి తలా రెండు వందలు వేసుకుంటున్నాం. తప్పు పట్టట్లేదు, ఏళ్ల తరబడి నియామకాల్లేని చోట ఉన్న ప్రొఫెసర్లు కూడా వెళ్లిపోతే క్లాసులు ఎవరు చెప్తారు. కానీ మా సార్‌కి 2021లో వయసు 58 నుంచి 61 చేసినప్పుడు కలిసొచ్చిన మూడేళ్లు కూడా అయిపోయాయి. "నాకు బోనస్ వచ్చింది, తిన్నా, చాలమ్మా" అని నవ్వేశారు.

కొత్తగా చేరిన ప్రతి ఒక్కరినీ పిలిచి ఆయన ఒక క్లాసు పీకేవారు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన దగ్గరే పెట్టారు, దాన్నే ఇప్పుడు అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటున్నాం, మొదటి వైస్ చాన్సలర్ రాంరెడ్డి గారు, 1985లో ఢిల్లీలో ఇగ్నో పెట్టినప్పుడు అక్కడా మొదటి వైస్ చాన్సలర్‌గా ఆయన్నే తీసుకెళ్లారు అని. మేం దాదాపు నోటికి చెప్పగలిగేవాళ్లం. ఇంత చరిత్ర ఉన్న ఊళ్లో ఇప్పటికీ పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు "అమ్మాయిది రెగ్యులర్ డిగ్రీనా, దూరవిద్యనా" అని అడుగుతారు, అది వేరే సంగతి.

ఇక రెండోది. మా డేటా ఎంట్రీ అమ్మాయి డిసెంబరులోనే వెళ్లిపోయింది. బోర్డు మీద ఆమె గురించి కాగితం కూడా పెట్టలేదు, అవుట్‌సోర్సింగ్ కదా, ఏజెన్సీ మనిషి కింద లెక్క. 2023 జూలై 1న గ్రూప్-4 రాసింది, 2024 నవంబరులో తుది జాబితా వచ్చింది, జూనియర్ అసిస్టెంట్ పోస్టు. ఆ ఏడాదిన్నర ఆమె టెన్షన్ మేమందరం పంచుకున్నాం. కోర్టు కేసు అన్నా, సర్టిఫికెట్ వెరిఫికేషన్ అన్నా, లంచ్‌లో మాకు వేరే టాపిక్ ఉండేది కాదు. ఆ పరీక్షకి డిగ్రీ ఉండాలి. ఆమె డిగ్రీ ఎక్కడిది? మా దగ్గరిదే. పగలు ఇతరుల మార్కులు ఎంటర్ చేసి, రాత్రి హాస్టల్లో మా పుస్తకాలే చదివి పాసైంది. ఏజెన్సీ జీతం రెండు మూడు నెలలకోసారి పడేది, అదీ కోతలు పోగా. వెళ్లే రోజు అందరికీ చికెన్ బిర్యానీ పెట్టింది. ఆ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చిందో నేను అడగలేదు.

ఆమె సీటు కాస్తా మాకు పెద్ద గండి అయింది. 2024 నుంచి దూరవిద్యలో చేరాలంటే డెబ్ ఐడీ (యూజీసీ దూరవిద్యా బ్యూరో నంబర్) తప్పనిసరి చేశారు, దానికి ముందు ఏబీసీ ఐడీ (చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబర్) ఉండాలి, దానికేమో ఆధార్. చెప్పడానికి మూడు ముక్కలే. మన దగ్గర పేర్లు ఎలా ఉంటాయో తెలిసిందే కదా, టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా. ఆధార్‌లో ఒక్క అక్షరం, అదీ వెనక. పెళ్లయిన ఆడవాళ్లకైతే టెన్త్‌లో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. సిస్టమ్‌కి వీళ్లిద్దరూ ఒక మనిషి అని చెప్పేదెలా? ఆ అమ్మాయి ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుంది, ఏ రకం తప్పుకి ముందు ఏది దిద్దించాలి, మీసేవకి ఏ కాగితం తీసుకెళ్లాలి అని. వెళ్తూ వెళ్తూ అది నా డ్రాయర్‌లో పెట్టి "అక్కా, ఎవ్వరికీ ఇయ్యకు, జిరాక్స్ ఇయ్యి" అంది. ఈ అడ్మిషన్లన్నీ ఆ నోట్‌బుక్ మీదే నడిచాయి.

ఆమె స్థానంలో జనవరిలో ఒక అబ్బాయిని పంపించారు. చేతిలో ఇయర్‌ఫోన్లు, మొహంలో నిద్ర. మొదటి రోజే మా పాత కంప్యూటర్ చూసి "మేడమ్, ఇది బతికే ఉందా" అన్నాడు. నాకు పెద్దగా నమ్మకం కలగలేదు. కానీ రెండో వారం, భూపాలపల్లి నుంచి వచ్చిన ఒకామె ఓటీపీ రావట్లేదని కౌంటర్ దగ్గర ఏడుపు ఆపుకుంటుంటే, వీడు బయటికి వెళ్లి ఆమె పక్కన బెంచీ మీద కూర్చుని, ఆధార్‌కి లింకైన నంబర్ భర్తదని కనుక్కుని, అతనికి ఫోన్ కలిపి, ఓటీపీ చెప్పించుకుని పని పూర్తి చేసి లోపలికొచ్చాడు. టోకెన్ చూడలేదు, లంచ్ టైమ్ అనలేదు. సరే, ఉండనీ.

మూడోది, నాకు అన్నింటికంటే నచ్చినది. డిస్పాచ్‌లో పదహారేళ్లుగా ప్యాకింగ్ చేస్తున్న మా అటెండర్ అన్న బీఏ పాసయ్యాడు. వచ్చినప్పుడు టెన్త్ మాత్రమే. రిటర్న్ వచ్చిన ప్యాకెట్లు సెల్లార్‌లో ఒక మూల పడి ఉంటాయి, కొన్నింటికి కాగితం చిరిగి పుస్తకాలు బయటికి కనిపిస్తుంటాయి. అన్నం తిన్నాక అక్కడే కూర్చుని తెలంగాణ చరిత్ర పుస్తకం చదవడం మొదలుపెట్టాడట. సార్ చూసి, ఊరికే చదివే బదులు పరీక్ష రాయమన్నారు. ముందు ఓపెన్ స్కూల్లో ఇంటర్, తర్వాత మా దగ్గర బీఏ. ఇంగ్లీష్ మూడుసార్లు పోయింది. పర్మిషన్ ఫైలుకి ఎన్నిసార్లు కొర్రీలు వేశారో చెప్తే నమ్మరు, "అటెండర్‌కి డిగ్రీ ఎందుకు" అని ఒకరు నోరు తెరిచి అన్నారు కూడా. అందరికీ పనిచేసుకుంటూ చదువుకోండి అని బ్రోచర్లు వేసేది మేమే!

మెమోలు వచ్చిన రోజు కౌంటర్లో తల దించుకుని టోకెన్ నంబర్లు పిలుస్తున్నాను. పద్నాలుగు అంటే అద్దం అవతల అన్న. ఇస్త్రీ చొక్కా, చేతిలో చలానా, హాల్‌టికెట్ జిరాక్స్.

"లైన్ల ఎందుకు నిలబడ్డవన్నా, లోపలికి రావచ్చు కదా" అన్నాను.

"ఫీజు కట్టిన మేడమ్, లైన్ల నిలబడ్త" అన్నాడు.

రిజిస్టర్లో సంతకం చేయడానికి రెండు నిమిషాలు పట్టింది, పేరులో ఒక్కో అక్షరం విడివిడిగా, గీత దాటకుండా రాశాడు. మెమో తీసుకుని మార్కులు చూడలేదు. ముందు పేరు చూసుకున్నాడు, తండ్రి పేరు చూసుకున్నాడు, తర్వాత పుట్టిన తేదీ. పదహారేళ్లు ఇతరుల మెమోలు కవర్లలో పెట్టిన మనిషి, తప్పులు ఎక్కడ పడతాయో తెలుసు. జూనియర్ అసిస్టెంట్ ప్రమోషన్‌కి కాగితం పెట్టుకున్నాడు, ఎప్పటికి తేలుతుందో చూడాలి. సార్ సీటు ఖాళీ కావడంతో ప్రస్తుతానికి డిస్పాచ్ రిజిస్టర్ అన్న దగ్గరే ఉంది. బోర్డు మీద "అదనపు బాధ్యతలు" అని పేరు పడ్డాయన ఇంతవరకు సెల్లార్ మెట్లు దిగలేదు.

ఇంత రాశాక నా సంగతి దాచుకోవడం బాగోదు. నేను కూడా మా దగ్గరే ఎంఏ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ కట్టాను, 2019లో. రెండు పేపర్లు డ్యూ. మొదట కోవిడ్ అన్నాను, తర్వాత పాప టెన్త్ అన్నాను, తర్వాత చెప్పడానికేమీ మిగల్లేదు. ఇది ఆఫీసులో ఇద్దరికే తెలుసు, ఒకరు సార్. ఫేర్‌వెల్ రోజు అందరం వరసగా నిలబడి దండం పెడుతుంటే నా దగ్గర ఆగి, మెల్లగా, "రెండేనా, పెరిగినయా?" అన్నారు. సమోసా గొంతులో అడ్డం పడింది.

నిన్న మధ్యాహ్నం అన్న ఒక ప్యాకెట్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. రీప్రింట్ అయిన రెండు పుస్తకాలు, బ్రౌన్ పేపర్, సుతిలి తాడు, లేబుల్ మీద నా ఎన్‌రోల్‌మెంట్ నంబర్. అడ్రస్ ఉండాల్సిన చోట 'కౌంటర్ 2' అని ఉంది. తిప్పి చూశాను, ముడి వెనక వైపే ఉంది. లేట్ ఫీజు లేకుండా పరీక్ష ఫీజు కట్టడానికి ఎల్లుండి వరకు టైముంది.