మా వాడి గేమింగ్ పీసీకి సికింద్రాబాద్ మావయ్య సంతకం

పద్నాలుగేళ్ల కొడుకు "నేనే పీసీ బిల్డ్ చేసుకుంటా" అంటే మన ఇళ్లలో వచ్చే మొదటి జవాబు "ముందు మ్యాథ్స్ సంగతి చూడు". మా ఆయనా అదే అన్నాడు. నేను మాత్రం రెండు షరతుల మీద ఒప్పుకున్నా. సగం డబ్బు వాడే సంపాదించుకోవాలి (ఇక్కడ టెక్సస్‌లో పక్కింటి వాళ్ల లాన్ కోసినా, కుక్కని తిప్పినా పిల్లలకి డబ్బులిస్తారు, మన పెద్దవాళ్లకి అది నామోషీగా అనిపించినా సరే). రెండోది, ఏ పార్టు కొన్నా ముందు మా తమ్ముడికి చెప్పి, వాడు సరే అన్నాకే కొనాలి. మా తమ్ముడికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర కొట్టు ఉంది, సిస్టమ్స్ అసెంబుల్ చేస్తాడు, రిపేర్లు చేస్తాడు. ఇంగ్లీషు రాక కాదు గానీ మదర్‌బోర్డు గురించి మాట్లాడాల్సి వస్తే వాడి నోట్లోంచి తెలుగే వస్తుంది.

ఆ రెండో షరతులో నా స్వార్థం ఉంది, దాచుకోను. మా వాడికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో. ఏళ్ల తరబడి ఆదివారం తెలుగు క్లాసులకి తిప్పాం, గుణింతాలు వచ్చు, స్టేజీ మీద పద్యాలు కూడా చెప్పాడు, కానీ ఇండియా ఫోన్ అనగానే "బాగున్నారా, బాగున్నాను, అమ్మకి ఇస్తున్నా" అంతే. వాణ్ని తప్పుపట్టి ఏం లాభం, వేల మైళ్ల అవతల ఉన్న మావయ్యతో వాడికి మాట్లాడుకునే విషయం ఉండాలిగా!

ఈసారి దొరికింది. శనివారం రాత్రి తొమ్మిదికి మాకు అన్నాలు అయిపోతాయి, అక్కడ ఆదివారం పొద్దున ఏడున్నర, కొట్టుకి సెలవు. మొదటి కాల్‌లోనే గొడవ. మా తమ్ముడు పక్కా మన లెక్క: ఏఎం4 బోర్డు తీసుకో (ఏఎం4, ఏఎం5 అంటే ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లు కూర్చునే సాకెట్ రకాలు), రైజెన్ 5 5600 ప్రాసెసర్ పెట్టు, మీ నాన్న పాత డెస్క్‌టాప్‌లో ఉన్న డీడీఆర్4 ర్యామ్ పీకి పెట్టెయ్, పైసా ఖర్చు లేదు. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో కొన్నవాళ్లకి తెలుసు, ఏఐ డేటా సెంటర్లకే సరుకంతా పోతోంది కాబట్టి వాడు చెప్పింది కొట్టిపారేసే మాట కాదు. మా వాడు వినలేదు. ఏఎం4 2016లో వచ్చింది మావయ్యా, దానికి 2024లో కూడా కొత్త ప్రాసెసర్లు వచ్చాయి, అంటే దాని ఆట అయిపోవచ్చింది, ఏఎం5 2022లోనే వచ్చింది, 2027 దాటాక కూడా నడిపిస్తామని ఏఎండీయే చెప్పింది, నేను కాలేజీకి వెళ్లేటప్పుడు బోర్డు ఉంచుకుని ప్రాసెసర్ ఒక్కటే మార్చుకుంటా అని వాదించాడు. సగం ఇంగ్లీషే, అయినా "మార్చుకుంటా" అన్నాడండీ, క్రియలన్నీ తెలుగులో పెట్టాడు. నేను డిష్‌వాషర్ దగ్గర గిన్నెలు సర్దుతున్నట్టు నటిస్తూ అంతా విన్నాను.

ఏఎం5లో డీడీఆర్5, అంటే డీడీఆర్4 తర్వాతి తరం ర్యామ్ తప్ప పట్టదు. డీడీఆర్4, డీడీఆర్5 కడ్డీలు రెంటికీ 288 పిన్నులే, పక్కపక్కన పెడితే తేడా తెలీదు, కానీ మధ్యలో ఉండే గాడి చోటు వేరు. "దిగకపోతే నొక్కకు అల్లుడూ, స్లాట్ విరిగిపోద్ది" అని మా తమ్ముడు మూడుసార్లు చెప్పాడు, కొట్టుకి అలాంటి కేసులు వస్తాయట. ఇంటెల్ వైపు వెళ్లేవాళ్లకి ఇంకో తిరకాసు ఉంది. ఎల్‌జీఏ1700 సాకెట్‌లో 12, 13, 14 తరాల ప్రాసెసర్లు పడతాయి, కానీ ఒకే చిప్‌సెట్ (బోర్డు మీది ప్రధాన కంట్రోల్ చిప్) పేరుతో డీడీఆర్4 బోర్డూ ఉంటుంది, డీడీఆర్5 బోర్డూ ఉంటుంది. బోర్డు పేరు చివరి అక్షరం దాకా చదవాల్సిందే.

చివరికి ఏఎం5కే వెళ్లాం. నా ఓటు కూడా వాడికే వేశాను, సగం డబ్బు పెట్టేవాడి మాట సగమైనా చెల్లాలి కదా. బీ650 బోర్డు, రైజెన్ 5 7600. వాడి కన్ను మొదట 9600ఎక్స్ మీద పడింది, కానీ ఆ ప్రాసెసర్ రాకముందు తయారై షెల్ఫులో ఉన్న బీ650 బోర్డు అయితే బయోస్ (బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసేదాకా దాన్ని గుర్తుపట్టకపోవచ్చు, పైగా దాంతో కూలర్ రాదు, 7600 డబ్బాలో కూలర్ కూడా ఉంటుంది. ర్యామ్ 16 జీబీ కడ్డీ ఒక్కటి ఇప్పుడు, ఇంకోటి తర్వాత అని మా వాడి ప్లాను. మా తమ్ముడు ఒప్పుకోలేదు, 8 జీబీవి రెండు ఒకే ప్యాక్‌లో తీసుకుంటే డ్యూయల్ ఛానెల్ (రెండు కడ్డీలూ ఒకేసారి పనిచేయడం) వస్తుంది, గేముల్లో తేడా తెలుస్తుంది, విడివిడిగా కొన్న కడ్డీలు కలిసి పనిచేస్తాయన్న గ్యారంటీ లేదు అన్నాడు. ఆ ఒక్క పాయింటు మీద అల్లుడు తగ్గాడు.

పవర్ సప్లై దగ్గర మాత్రం మా తమ్ముడు గొంతు పెంచాడు. మా వాడేమో అందులో కొంత మిగిల్చి రంగుల లైట్ల ఫ్యాన్లు కొందామని చూశాడు. పేరూ ఊరూ లేని ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లైనే అక్కడ అలా అంటారు) వేసి, అది పోతూ పోతూ బోర్డుని కూడా తీసుకుపోయిన సిస్టమ్‌లు వాడి కొట్లో మూలన గుట్టగా ఉంటాయి, వీడియోలో తిప్పి చూపించాడు. ఇద్దరూ కలిసి లెక్క కట్టారు. గ్రాఫిక్స్ కార్డు ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ, 16 జీబీది, 160 వాట్లు. "ప్రాసెసర్ టీడీపీ ఎంత?" అని తమ్ముడు అడగ్గానే, మాతో కొన్నాళ్లుందామని వచ్చిన మా మావగారు సోఫాలోంచి "నూట ముప్పై అయిదు సీట్లు" అన్నారు. ఇక్కడ టీడీపీ అంటే ప్రాసెసర్ వేడి లెక్క తాతయ్యా, అరవై అయిదు వాట్లని మా వాడు సరిదిద్దాడు, ఆయనకి చాలాసేపు అర్థం కాలేదు. లోడ్ మీద ప్రాసెసర్ దానికంటే ఎక్కువే లాగుతుంది, 88 దాకా. ఫ్యాన్లూ డిస్కూ అన్నీ కలిపినా మూడొందల చిల్లర, 550 వాట్లు చాలు, మంచి కంపెనీ 650 తీసుకుంటే రేపు కార్డు మార్చినా దిగులుండదని తేల్చారు. యూపీఎస్ కూడా పెట్టమన్నాడు, "ఇక్కడ కరెంట్ పోదు మావయ్యా" అని వీడు నవ్వాడు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో కరెంట్ లేక స్వెటర్ల మీద స్వెటర్లు వేసుకుని కూర్చున్నది వీడికి గుర్తులేనట్టుంది, నాకుంది.

వాడి ఫ్రెండ్ ఒకడు తన పాత పవర్ సప్లైవి అల్లిన కేబుళ్లు ఇచ్చాడు, చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. ఊడదీసి పెట్టుకునే మాడ్యులర్ పవర్ సప్లైల్లో, పవర్ సప్లై వైపు పిన్నుల అమరిక ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, ప్లగ్ చక్కగా పట్టేస్తుంది, వోల్టేజీ మాత్రం తప్పు తీగలోకి పోతుంది, దానికి తగిలించిన డిస్కో బోర్డో కాలిపోతుంది. ఒక పవర్ సప్లై కేబుల్ ఇంకోదానికి పెట్టకండి, కొనబోయేవాళ్లు మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆన్‌లైన్‌లో పార్టులు సరిపోతాయో లేదో చూసే సైట్లేవీ మీ డ్రాయర్‌లో పడున్న కేబుల్ గురించి చెప్పవు.

బిగించే రోజు ఫోన్ వాటర్ బాటిల్‌కి ఆనించి వీడియో కాల్. స్విచ్ వేశాడు, ఫ్యాన్లు తిరిగాయి, స్క్రీన్ నల్లగా ఉంది. బోర్డు మీద ర్యామ్ దగ్గర చిన్న లైటు వెలుగుతోంది. రెండు నిమిషాలకే వాడి మొహం పాలిపోయింది, ఆఫ్ చేసేస్తానన్నాడు, మా ఆయన "వెనక్కి ఇచ్చేయొచ్చా, రసీదు ఉందా" మొదలుపెట్టాడు. అవతల మా తమ్ముడు టీ తాగుతూ "ముట్టుకోకు, ఏఎం5 మొదటిసారి ర్యామ్‌ని సరిచూసుకోడానికి టైమ్ తీసుకుంటది, కూర్చో" అన్నాడు. అంత టెన్షన్లో వాడు ఇంగ్లీషు మర్చిపోయి "ఇంకెంతసేపు మావయ్యా, ఏమన్నా కాలిందా, వాసన రావట్లేదు" అని గడగడా అడుగుతూనే ఉన్నాడు. బొమ్మ వచ్చాక తెలిసిన సంగతి, మానిటర్ కేబుల్ బోర్డుకి పెట్టాడు, గ్రాఫిక్స్ కార్డుకి కాదు. 7600లోనే చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది కాబట్టి బొమ్మ వచ్చేస్తుంది, గేమ్ మాత్రం నత్తనడక నడుస్తుంది. అది మార్చాక, విండోస్ సెట్టింగుల్లో స్క్రీన్ మీద బొమ్మ సెకనుకి ఎన్నిసార్లు మారాలన్న లెక్క 60 హెర్ట్‌జ్ దగ్గర ఉంటే, దాన్ని 144కి పెట్టించాడు తమ్ముడు.

కంప్యూటర్ హాల్లోనే ఉంటుంది, గదిలోకి పోదు, ఆ విషయంలో రోజూ ఇంట్లో నిరసనలు నడుస్తూనే ఉన్నాయి. వేసవిలో ఇండియా వెళ్లినప్పుడు రెండు వారాలు కొట్లో కూర్చోమని మా తమ్ముడు పిలిచాడు. వీడు వెంటనే ఒప్పుకున్నాడు, గంటకి ఎంతిస్తాడో కనుక్కో అమ్మా అంటున్నాడు. మేనమామ కొట్లో కూర్చోడానికి మేనల్లుడు జీతం అడిగాడని మా అమ్మకి తెలిస్తే ఏమంటుందో గానీ, లాన్ కోస్తే డబ్బులడగమని నేర్పింది నేనే కాబట్టి తమ్ముడితో ఈ బేరం కూడా నేనే మాట్లాడాలి.