పిల్లల సెలవుల్లో దొరికే పండుగ

అమెరికా బడుల సెలవులకూ మన పంచాంగానికీ ఎన్నడూ పొత్తు కుదరదు. క్రిస్మస్ సెలవులు ముగిసి పిల్లలు బడికి వెళ్లాక, సంక్రాంతి మరో వారానికి తీరిగ్గా వస్తుంది. గుణదల మేరీమాత ఉత్సవాలు ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు. కోటప్పకొండ తిరునాళ్లు శివరాత్రికి. దసరా వచ్చేసరికి బడి తెరిచి నెల దాటుతుంది. ఇక అమెరికా నుంచి వేసవిలో విజయవాడ వచ్చిన మా పిల్లలకు మిగిలేది ఏసీ గది, బట్టల దుకాణాలు, చుట్టాల ఇళ్లలో కూల్‌డ్రింకులు. అమ్మ పుట్టిన ఊరంటే ఇదేనన్న అభిప్రాయం వాళ్లలో గట్టిపడకముందే ఏదో ఒకటి చేయాలనిపించింది.

"పండుగంటే దసరాయే, పది రోజులు బడి మానిపించి తీసుకురా" అంటుంది మా పిన్ని. విజయవాడ దుర్గమ్మ గుడి దసరాను కాదనేవాళ్లెవరు? రోజుకో అలంకారం, మూలా నక్షత్రం నాడు సరస్వతీదేవి, విజయదశమి సాయంత్రం కృష్ణలో హంసవాహనంపై తెప్పోత్సవం, ఆ వెనకే దీక్ష పట్టి ఎర్రబట్టలతో కొండెక్కే భవానీలు. తెలుగునాట ఒక్క ఉత్సవమే చూడాలంటే నేనూ అదే చెబుతాను. కానీ మొదటిసారి వచ్చే పిల్లలకు మాత్రం కాదు. మూలా నక్షత్రం నాటి క్యూలో తొమ్మిదేళ్ల పిల్లవాడికి కనిపించేది ముందున్నవాళ్ల వీపులే. అమ్మవారి ముందు నిలబడేది రెండు క్షణాలు, అందులో ఒకటి "జరగండి, జరగండి" అనే కేకకే పోతుంది.

వాళ్ల సెలవుల్లో సరిగ్గా ఇమిడేది శాకంబరి. ఆషాఢ పౌర్ణమితో ముగిసేలా మూడు రోజులు దుర్గమ్మ కొండ ఇంద్రకీలాద్రి మీద జరుగుతుంది. 2025లో జులై 8 నుంచి 10 వరకు జరిగింది. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి పౌర్ణమి జులై 29న పడింది. ఎటు జరిగినా అమెరికా వేసవి సెలవులు దాటి పోదు. టికెట్లు కొనేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

ఆ మూడు రోజులూ అమ్మవారికీ, గుడికీ అలంకారమంతా కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే. రైతులూ వ్యాపారులూ బస్తాలకు బస్తాలు తెచ్చి ఇస్తారు. దండలు గుచ్చడానికి ఎవరైనా కూర్చోవచ్చని తెలిసి ముందురోజు పిల్లలను తీసుకెళ్లాను. మా అమ్మాయికి దబ్బనం, పురికొస, ఒక గంప దొండకాయలు ఇచ్చారు. మొదటి దండ సగంలోనే జారిపోయింది. పక్కన కూర్చున్న పెద్దావిడ తలెత్తకుండానే "తొడిమ దగ్గర గుచ్చకు తల్లీ, చీలిపోతుంది, నడుమ గుచ్చు" అన్నది. ఆ తర్వాత ఇద్దరికీ మాటలు కలిశాయి. ఆవిడ ఇంగ్లీషు అడగలేదు, ఇది తెలుగు రాదని సిగ్గుపడలేదు. చేతులు పని మీద ఉంటే పిల్లలకు భాష ఎలాగో వస్తుంది. ఆదివారం తెలుగు తరగతుల్లో కుర్చీలేసి కూర్చోబెడితే రాదు. ఇంటికి వచ్చాక గోళ్లలో పసరు కడిగినా పోలేదని ఫిర్యాదు చేసింది కూడా తెలుగులోనే.

మావాడి అనుమానం వేరు: "ఇవన్నీ తర్వాత పారేస్తారా?" అక్కడి పిల్లలకు ఆహారం వృథా చేయకూడదని బళ్లో బాగా నూరిపోస్తారు. పారేయరని, అన్నం, పప్పు, కూరగాయలు కలిపి కదంబం వండి ప్రసాదంగా పెడతారని చూపించాక గానీ ఊరుకోలేదు. నూరేళ్లు వానలు లేని కరువులో దేవి తన ఒంటినుంచే శాకాలు పుట్టించి లోకాన్ని బతికించిందన్న కథ మా అమ్మ ఆ కదంబం తింటూనే చెప్పింది. ఇంట్లో కాకరకాయ ముట్టనివాడు ఆ రోజు ఏమేం తిన్నాడో నేను చూడనట్టే ఉండిపోయాను.

ఆషాఢంలోనే ఇంకొకటుంది, సారె. వీధి వీధిన ఆడవాళ్లు జట్టుగా చీర, పసుపు, కుంకుమ, గాజులు, మిఠాయిలు పళ్లేల్లో పెట్టుకుని కొండకు వెళ్తారు. అన్నీ ఇచ్చే దేవతకు మనం ఇవ్వడమేమిటని మా అమ్మాయి అడిగింది. "ఆవిడ మన ఇంటి ఆడపిల్లే, వట్టి చేతులతో చూసొస్తామా?" అన్నది మా అమ్మ. మా సూట్‌కేసుల్లో ఆవకాయ, గుంటూరు కారం కుక్కేటప్పుడు మా అమ్మాయి మళ్లీ ఈ సంగతే ఎత్తి, బరువు ఎక్కువైందని నేను తీసి పక్కన పెట్టిన సీసాలన్నీ అమ్మమ్మ పక్షాన తిరిగి పెట్టించింది.

విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే దారిలో మంగళగిరి కూడా పిల్లలకు మంచి చోటు. దానికి తిథి వార నక్షత్రాలు అక్కర్లేదు. కొండ మీద పానకాల నరసింహస్వామి నోట్లో బెల్లం పానకం పోస్తారు. సగం స్వీకరించి సగం ప్రసాదంగా ఇస్తాడని నమ్మకం. అంత బెల్లం ఒలికినా చీమ చేరదంటారు. అంతే, మావాడు గుడి మూలమూలలా చీమల కోసం వెతికాడు. పూజారిగారు కసరకుండా నవ్వారు. పైగుడికి మాత్రం పొద్దున్నే వెళ్లాలి, మధ్యాహ్నం దాటాక మూసేస్తారు. ఆ తర్వాత దేవతలు వచ్చి పూజిస్తారట.

మావారిది నరసరావుపేట పక్క. ఆయన లెక్కలో ఇవేవీ పండుగలు కావు. ఊరూరా వెదురుతో ఆకాశమంత ప్రభలు కట్టి, కరెంటు దీపాలతో కోటప్పకొండకు తోలుకొచ్చే శివరాత్రి రాత్రి ఒక్కటే పండుగ. వచ్చే ఏడాది దానికే వెళ్దామంటారు. వారం రోజుల బడి పోతుందని నేను, వారం బడి పోతే కొంపలేమీ మునగవని ఆయన. పిల్లలిద్దరూ ఎవరి పక్షమో చెప్పనక్కర్లేదు.