పాత కారు పత్రికలు: ఎండాకాలం నుంచి ఇప్పటిదాకా

ఏప్రిల్, మే

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న 90ల నాటి కారు పత్రికల కట్ట నల్లగొండ ఎండకు తట్టుకోలేదు. వెన్ను జిగురు పెళుసెక్కి, తెరిస్తే చాలు పేజీలు ఊడి చేతికొస్తున్నాయి. మళ్లీ అతికించే పని పెట్టుకోలేదు. ఊడిన సంచికను అట్టతో సహా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పైన నెల, సంవత్సరం రాసి, నిలబెట్టకుండా పడుకోబెడుతున్నాను. తుప్పు పట్టిన పిన్నులు మాత్రం తీసేయాల్సిందే. మొద్దు కత్తితో వెనక కాళ్లు లేపితే కాగితం చిరగదు. వాటి బదులు నూలు దారంతో రెండు కుట్లు వేస్తే చాలు.

మృగశిర దాటాక

బీరువాను గోడకు ఆనకుండా జానెడు ఇవతలికి జరిపాను, అరల్లో కలరా ఉండలు వేశాను. నున్నటి కాగితం తడిసి ఆరిందంటే పేజీలు అతుక్కుపోతాయి, ఇక విడదీయడం మన వల్ల కాదు. తడిగా ఉన్నప్పుడే పేజీకీ పేజీకీ మధ్య బటర్ పేపర్ పెట్టి ఫ్యాన్ కింద ఆరబెట్టాలి.

శ్రావణం

ఇప్పుడు అసలు పని, రోడ్ టెస్టులు, అంటే పత్రికవాళ్లు కారును తోలి, కొలిచి రాసిన పరీక్షలు. ఈ పద్ధతి 1928లో బ్రిటన్‌లో ఆటోకార్ పత్రిక ఆస్టిన్ 7తో మొదలుపెట్టింది. బొమ్మలు చూడటం అయిపోయాక నాకు మిగిలింది చివరి పేజీలోని అంకెల పట్టికే. మా గల్లీ మెకానిక్ కాకాకు ఒకటి చూపించాను. జవానీలో టాక్సీ తోలిన మనిషి.

"గీ నంబర్లు ఏడికెళ్లి దెచ్చిండ్రు బిడ్డా? చిట్యాల దాటినంక ముంగట లారీ ఉంటే బండి ఎట్ల గుంజుతదో గది రాయాలె" అన్నాడు.

గదే రాశారు కాకా! వెనక బంపరుకు సైకిల్ చక్రం లాంటి ఐదో చక్రం తగిలించి అసలు వేగం కొలిచేవాళ్లు. అందరూ చూసేది 0–100, అంటే నిలిచిన బండి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకునే సెకన్లు. రెండు వరసల పాత విజయవాడ రోడ్డు మీద పనికొచ్చేది మాత్రం టాప్ గేర్‌లో 40 నుంచి 80కి పట్టే సెకన్లు. 15 సెకన్లు అనుకుందాం. సగటున 60 వేగంతో అప్పటికి 250 మీటర్లు పోతాం. ఎదురుగా అదే 60లో బస్సు వస్తుంటే అదీ 250 మీటర్లు వచ్చేస్తుంది. అంటే అర కిలోమీటరు ఖాళీ రోడ్డు కనబడితే తప్ప లారీని దాటడానికి బయటికి రాకూడదు. ఈ లెక్క చెప్పాక కాకా కళ్లద్దాలు పెట్టుకుని పత్రిక తీసుకున్నాడు.

నోటుబుక్కులో కారుకో పేజీ కేటాయించాను. బరువు, బీహెచ్‌పీ (ఇంజిన్ శక్తి), 40–80, 80 నుంచి ఆగడానికి పట్టిన దూరం, మైలేజీ, స్పీడోమీటర్ తేడా రాస్తున్నాను. గేర్ నిష్పత్తులు ఇస్తే ఇంకా మజా. మారుతి 800కు వేసే 145/70 ఆర్12 టైరు చుట్టుకొలత దాదాపు 1.595 మీటర్లు. దాన్ని 60తో గుణిస్తే 95.7. టాప్ గేర్, ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ తర్వాత చక్రాలకు ముందుండే చివరి గేర్) నిష్పత్తుల లబ్ధంతో దీన్ని భాగిస్తే ఇంజిన్ నిమిషానికి 1000 చుట్లు తిరిగినప్పుడు గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగమో వస్తుంది.

విదేశీ సంచికల దగ్గర జాగ్రత్త. బ్రిటిష్ గ్యాలన్‌కు 40 మైళ్లంటే లీటరుకు 14.2 కిలోమీటర్లు, అమెరికా గ్యాలన్ చిన్నది కాబట్టి అదే 40 అక్కడ 17 అవుతుంది. వాళ్ల 0–60 మైళ్లు మన 96.6 కిలోమీటర్లే, దాన్ని 0–100 పక్కన రాయొద్దు. 1972కు ముందటి అమెరికన్ హార్స్‌పవర్ సాధారణంగా సైలెన్సర్, ఆల్టర్నేటర్ లాంటివి విప్పేసి కొలిచింది. నా లెక్కలో దాన్ని నమ్మను.

దసరా ముందు

1998 నాటికి వచ్చాను. మాటిజ్, శాంత్రో, ఇండికా మూడూ కొద్ది నెలల తేడాలో దిగిన ఏడాది అది. డిక్కీ ఎంత, వెనక సీట్లో మోకాళ్లకు చోటెంత, అన్నీ టేపు పెట్టి కొలిచారు. మరుసటి ఏడాదే మాటిజ్ తయారుచేసిన డేవూ గ్రూపు అప్పుల్లో కూలుతుందన్నది ఏ టేపుకూ అందదు కదా. ఇప్పుడు ఏది నిలిచిందో తెలిసి చదువుతుంటే, డిటెక్టివ్ నవల చివరి పేజీ ముందే చూసినా మజా తగ్గనట్టు ఉంది.

ఇంకా దొరకనివి: స్టాండర్డ్ 2000 టెస్టు ఒకటి. బ్రిటిష్ కారు రోవర్ ఎస్‌డీ1 బాడీలో స్టాండర్డ్ వాళ్ల పాత వాన్‌గార్డ్ కారు కాలం ఇంజిన్ పెట్టి 1985లో మద్రాసు నుంచి దింపిన కారు, దాని 40–80 ఎంతో చూడాలి. మన హైదరాబాద్ ఆల్విన్ పుష్పక్ స్కూటర్ ప్రకటన ఉన్న సంచిక ఏదైనా సరే. సూర్యాపేట, మిర్యాలగూడ పాత పేపర్ల దుకాణాల్లో చెప్పి ఉంచాను, కాటా మీదికి ఎక్కకముందే పక్కన పెడతామన్నారు.