వ్యాన్ కింది గ్యాస్ ట్యాంకుకి కొత్త వాల్వ్

వాసన మొదట పట్టింది మా ఆవిడే. పొద్దున్నే, మేం ఇల్లులా వాడుకునే వ్యాన్ దిగుతూ "ఏమండీ, ఇక్కడ గ్యాస్ వాసన వస్తోంది, ఒకసారి చూడండి" అంది. నేను అంతగా పట్టించుకోలేదు. మా ట్యాంకులో ఉండే ప్రొపేన్ గ్యాస్‌కి సొంతంగా వాసన ఉండదు కదా, లీకైతే తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ అనే ఘాటు వాసన పదార్థం కలుపుతారు, ట్యాంకు అయిపోవస్తుంటే ఆ ఘాటు పెరుగుతుంది, అదే అయ్యుంటుందిలే అనుకున్నాను. తీరా గేజ్ చూస్తే ట్యాంకు సగం నిండి ఉంది! లోపల నేల దగ్గర బిగించిన డిటెక్టర్ కూడా మోగలేదు. ఎలా మోగుతుంది, ట్యాంకు ఉన్నది వ్యాన్ అడుగున, బయట. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, లీకైనదంతా కిందికి జారి నేల వెంట పోతోంది. అందుకే చెబుతున్నాను, డిటెక్టర్ ఉంది కదా అని ముక్కు మాట కొట్టిపారేయకండి.

సబ్బు నీళ్లు కలిపి బ్రష్‌తో ప్రతి జాయింట్‌కీ పూశాను. ఇక్కడో చిన్న విషయం, అమ్మోనియా ఉన్న సబ్బు ద్రవాలు వాడకూడదు, అవి ఇత్తడికి పగుళ్లు తెస్తాయి. వాల్వ్ మూసి ఉన్నప్పుడు ఎక్కడా బుడగ లేదు. తెరిస్తే మాత్రం చేత్తో తిప్పే పిడి కింద, కాడ చుట్టూ, సన్నగా నురగ లేచింది. అంటే గొట్టాలు బాగానే ఉన్నాయి, వాల్వ్ లోపలి సీల్ పోయింది. వాల్వ్ కట్టేసి, గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్, వాటర్ హీటర్ కూడా ఆపేశాను. వాటిల్లో స్పార్క్ తనంతట తానే వెలుగుతుంది, మనం చూసుకోకపోతే అదే నిప్పు.

వ్యాన్‌లో ఎలక్ట్రికల్, ప్లంబింగ్ అంతా నేనే చేసుకున్నాను, రెగ్యులేటర్ కూడా ఒకసారి మార్చాను. అయినా ట్యాంకుకి బిగించిన వాల్వ్ జోలికి వెళ్లలేదు. రెగ్యులేటర్ తర్వాత స్టవ్‌కి వచ్చే ఒత్తిడి 30 మిల్లీబార్ల అటూ ఇటూ ఉంటుంది, వాల్వ్ వెనక ట్యాంకులో మాత్రం 20 డిగ్రీల రోజున కూడా దాదాపు 7 బార్లు ఉంటుంది. రెండూ ఒకే గ్యాస్ కావచ్చు, పని మాత్రం ఒకటి కాదు. లైసెన్సున్న గ్యాస్ టెక్నీషియన్ దగ్గరికి తీసుకెళ్లి, "పక్కన నిలబడి చూస్తానండీ" అని అడిగాను. పెద్దాయన, సరేనన్నారు.

బిగించిన పాత వాల్వ్ విప్పడానికి, కొత్తది పెట్టడానికి కలిపి అరగంట కూడా పట్టలేదు. మిగతా రోజంతా పట్టింది ట్యాంకుని ఖాళీ చేయడానికీ, మళ్లీ గ్యాస్‌కి సిద్ధం చేయడానికీ. ముందు ట్యాంకులో ద్రవంగా ఉన్న గ్యాస్‌ని పంపుతో వేరే ట్యాంకులోకి లాగారు. గేజ్ ముల్లు సున్నాకి రాగానే "ఇంక విప్పేయొచ్చా?" అన్నాను. "ముల్లు చెప్పేది ద్రవం సంగతే బాబూ, ఆవిరి సంగతి దానికి తెలీదు" అన్నారాయన. ఆ మిగిలిన ఆవిరిని ఆరుబయట, దూరంగా పెట్టిన బర్నర్‌లో మండిస్తూ ఒత్తిడి పూర్తిగా దించారు. అప్పటికీ లోపల గాలి లేదు, ట్యాంకు నిండా ఆవిరే. మాది 40 లీటర్ల ట్యాంకు. గాలిలో ప్రొపేన్ 2.1 శాతం చేరితే చాలు అంటుకుంటుంది, 9.5 శాతం దాకా అంటుకుంటూనే ఉంటుంది. ఈ లెక్కన ఆ "ఖాళీ" ట్యాంకులో మిగిలిన 40 లీటర్ల ఆవిరికి దాదాపు 1,900 లీటర్ల గాలిని మండే మిశ్రమంగా మార్చే శక్తి ఉంది. ఆ లెక్క వేసుకున్నాక నాకు నిజంగా భయమేసింది. ఇదే పని ఇంటి దగ్గర గ్యారేజీలో చేసే ఆలోచన ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోండి.

కొత్త వాల్వ్ ఎంచుకోవడంలో కూడా ఒక మెలిక ఉంది. పైకి చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి గానీ, లోపలికి వేలాడే సన్నటి గొట్టం పొడవు ట్యాంకు వ్యాసాన్ని బట్టి మారుతుంది. ట్యాంకు 80 శాతం నిండగానే, నింపేటప్పుడు తెరిచి ఉంచే బ్లీడర్ స్క్రూ దగ్గర ద్రవం చిమ్మేది ఆ గొట్టం వల్లే. మిగతా 20 శాతం జాగా, ఎండకి ద్రవం వ్యాకోచించడానికి వదిలేది. గొట్టం పొట్టిదైతే 80 అనుకున్న చోట 90 నిండిపోతుంది. ఆయన పాత వాల్వ్ మీద చెక్కిన కొలతని కొత్తదాని డబ్బా మీది కొలతతో రెండుసార్లు సరిపోల్చుకున్నాకే దాన్ని విప్పారు.

బిగింపు దగ్గర నేను నేర్చుకున్నది, ట్యాంకు మరలు కొసకి సన్నబడుతూ ఉంటాయి, అందుకని గ్యాస్‌కి పనికొచ్చే సీలెంట్ తప్పనిసరి, నీళ్ల పైపులకి చుట్టే పల్చటి తెల్ల టేపు ఇక్కడ పెట్టరు. మొదటి ఒకటి రెండు మరలు వదిలేసి పూయాలి, లేకపోతే ఆ ముక్కలు లోపల పడి రెగ్యులేటర్‌లో ఇరుక్కుంటాయి. వాల్వ్ మూతి కావలసిన దిక్కు దాటిపోతే వెనక్కి తిప్పకూడదు, సీల్ తెగిపోతుంది, ఇంకాస్త బిగిస్తూ మళ్లీ ఆ దిక్కుకి తేవాలి. అది కుదరదనిపిస్తే పూర్తిగా విప్పి, శుభ్రం చేసి, మొదటినుంచి చేయాల్సిందే.

తర్వాత పర్జింగ్, అంటే ట్యాంకులోని గాలినీ తేమనీ గ్యాస్‌తో బయటికి తోసేయడం. వాల్వ్ తీసినప్పుడు లోపలికి గాలి, దాంతో తేమ వెళ్లాయి కదా. గాలి ఉంటే మంట నిలబడదు, తేమ ఉంటే రెగ్యులేటర్ దగ్గర గడ్డకట్టి గ్యాస్‌ని ఆపేస్తుంది. ఆయన ప్రొపేన్ ఆవిరిని 15 పీఎస్ఐ ఒత్తిడి దాకా, అంటే దాదాపు ఒక బార్ దాకా ఎక్కించి, జాగ్రత్తగా బయటికి వదిలి, మళ్లీ ఎక్కించి, అలా అయిదుసార్లు చేశారు. ప్రతిసారీ గాలి సగానికి సగం తగ్గుతుంది. 50, 25, 12, 6, చివరికి 3 శాతం. "నేరుగా ద్రవం నింపి వదిలితే ఒక్కసారిలో అయిపోదా?" అని అడిగాను. ద్రవం లోపల పడగానే ఆవిరై ట్యాంకుని చల్లబరుస్తుందట, తేమ గోడలకి మంచులా అంటుకుని అక్కడే ఉండిపోతుందట. తొందరపడితే తీసేయాలనుకున్నదే లోపల మిగిలిపోతుందన్నమాట.

గ్యాస్ నింపించుకుని వచ్చి వాల్వ్ తెరిస్తే, స్టవ్ మీద మంట చిటికెన వేలంత! గుండె జారిపోయింది, ఇంత చేసీ ఏదో తేడా వచ్చిందనుకున్నాను. ఆయనకి ఫోన్ చేస్తే ఒకటే అడిగారు, "ఒక్కసారిగా తిప్పారా?" అని. గొట్టం తెగినప్పుడు గ్యాస్ ధారని అడ్డుకునే ఎక్సెస్ ఫ్లో వాల్వ్ అనే చిన్న భాగం ట్యాంకు వాల్వ్‌లో ఉంటుంది, గబుక్కున తెరిస్తే అది గొట్టం తెగిందనుకుని మూసుకుంటుంది. కట్టేసి, కొన్ని నిమిషాలాగి, మెల్లగా తెరిచాను. నీలి మంట నిండుగా వచ్చింది.

ఆ రాత్రి వాల్వ్ తెరిచే ఉంచి, తెల్లారాక మళ్లీ సబ్బు నీళ్లు పూశాం. ఈసారి బ్రష్ మా ఆవిడే పట్టుకుంది. కాడ చుట్టూ, మరల దగ్గర, బ్లీడర్ స్క్రూ మీద అన్నిచోట్లా వంగి వంగి చూసింది. ఒక్క బుడగ కూడా లేదు.