రొయ్యల గుంట గట్టు మీద తేలిన లెక్క: థార్, గూర్ఖా, జిమ్నీ బళ్లల్లో ఏది?

మా గుంటలు కావలికి తూర్పున, తుమ్మలపెంట వైపు ఉంటాయి. తారు రోడ్డు దిగాక కొంత దూరం ఇసుక బాట, ఆ తర్వాత గుంటల మధ్య మట్టి గట్లు. ఎండాకాలంలో స్కూటీ అయినా పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకుంటే మాత్రం ఆ గట్లు సబ్బు రాసినట్టు అయిపోతాయి. సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే తెల్లవారుజాముకి నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఆలోగా జనరేటర్ ఆన్ కాకపోతే పంట మొత్తం పోయినట్టే. కాపలా మనిషి ఫోన్ ఎత్తని రాత్రి పడే టెన్షన్ ఏమిటో రొయ్యల సాగు చేసేవాళ్లకే తెలుసు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు మా వైపు కురిసిన వానకి బైకు మీద గట్టు ఎక్కేదానికి వీల్లేకపోయింది. ట్రాక్టర్‌కి కబురు చేసి, అది వచ్చేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాం. నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే ఫోర్ బై ఫోర్ బండి కొనాలన్న ఆలోచన అప్పుడే గట్టిపడింది.

అయితే రెండు బళ్లు పెట్టుకునే స్తోమత లేదు. అదే బండిలో అమ్మానాయనల్ని నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోవాలి, కార్తీకంలో సీతారామపురం అవతల ఘటిక సిద్ధేశ్వరానికి పోవాలి. నాయనకి మోకాళ్ల నొప్పులు. ఈ రెండు పనులూ పక్కపక్కన పెట్టుకుంటే గానీ నా ఎంపిక అర్థం కాదు.

మార్కెట్లో నా డబ్బుకి అందేవి నాలుగు. మూడు తలుపుల మహీంద్రా థార్, దాని అన్న అనదగ్గ ఐదు తలుపుల థార్ రాక్స్, ఫోర్స్ గూర్ఖా, మారుతి జిమ్నీ. ఉదయగిరి బావ మొదటి నుంచీ గూర్ఖా అంటాడు. ముందూ వెనకా రెండు ఇరుసులకీ మెకానికల్ డిఫరెన్షియల్ లాకులు (ఒక చక్రం జారినా రెండోది లాగేలా బిగించేవి), పుట్టుకతోనే స్నార్కెల్ (ఇంజిన్‌కి పైనుంచి గాలి అందించే గొట్టం), 700 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో దిగగల బండి. "కొంటే అట్టాంటిది కొనాల, మిగతావన్నీ పెళ్లికి పోయే బళ్లు" అన్నాడు. మా తమ్ముడు థార్ మనిషి. వాడికి 2.2 లీటర్ల డీజిల్ ఇంజిన్, 300 న్యూటన్ మీటర్ల టార్క్ తప్ప వేరే మాట లేదు.

మధ్యలో ధరల గొడవ ఒకటి వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1500 సీసీ లోపు డీజిల్ ఇంజిన్ ఉన్న బండికి 18 శాతం, పెద్ద వాటికి 40 శాతం. అందువల్ల 1.5 లీటర్ల డీజిల్ థార్ ధర బాగా దిగింది. షోరూముల్లో దాన్నే ముందుకు తోస్తున్నారు. అది వెనక చక్రాలు మాత్రమే తిరిగే బండి. చూడటానికి అచ్చం థార్, బురదలో దిగితే మామూలు కారు. నేను వెళ్లిన ఒకచోట సేల్స్ కుర్రాడు "సార్, గట్టు మీదకి ఇది చాలు" అన్నాడు. నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే లో రేంజ్ గేరు లేకుండా ఎట్లా చాలుతుందని అడిగితే క్యాటలాగు తిరగేశాడు.

ఇంటికొచ్చి చేసిన పని టేపు తీసుకుని గట్టు కొలవడం. ఇది ఎవరూ చెప్పలేదు, నాకే తోచింది. జనరేటర్ షెడ్డుకి పోయే గట్టు పైన వెడల్పు ఎనిమిది అడుగులు. జిమ్నీ వెడల్పు 1645 మిల్లీమీటర్లు, థార్ 1820, గూర్ఖా 1865, రాక్స్ 1870. లెక్క వేస్తే గట్టు మధ్యలో నిలబెట్టినప్పుడు జిమ్నీకి అటూ ఇటూ పదిహేను అంగుళాలు మిగులుతాయి, థార్‌కి పన్నెండు, మిగతా రెండింటికీ పదకొండు. ఆ నాలుగంగుళాలు పెద్ద విషయమా అని తమ్ముడు నవ్వాడు. గట్టు అంచున అడుగు మేర వానకి నాని జారిపోయే మట్టి. పగలు చూసుకుంటూ పోవడం వేరు. రాత్రి రెండు గంటలకి, వైపర్లు కొట్టుకుంటుంటే, అద్దాల్లోంచి అంచు కనపడనప్పుడు నాలుగంగుళాలంటే టైరు గట్టి నేల మీద ఉందా, గుంటలోకి జారుతోందా అన్న తేడా.

దాని తర్వాత బరువు. జిమ్నీ సుమారు 1200 కిలోలు. థార్ ఫోర్ బై ఫోర్ డీజిల్ దానికి అర టన్ను పైచిలుకు ఎక్కువ, గూర్ఖా రెండు టన్నుల దరిదాపు. ఇంజిన్ బలం గురించి అందరూ మాట్లాడతారు గానీ తడి మట్టిలో, ఇసుకలో ముందు చూడాల్సింది బండి ఎంత లోతు దిగబడుతుందన్నది. బరువైన బండి గట్టు మీద చక్రాల గాడి చేసిపోతుంది, ఆ గాడిలో నీళ్లు నిలిచి గట్టే తెగుతుంది. జిమ్నీకి ఉన్న 105 హార్స్‌పవర్ అంటే తక్కువే, కాదనను. ఫస్ట్ గేరులో, లో రేంజ్‌లో, ఖాళీ బండిని గట్టు ఎక్కించేదానికి అది చాలు.

షోరూముల టెస్ట్ డ్రైవ్ అంతా నెల్లూరు తారు రోడ్ల మీదే. వాటి వల్ల తేలింది సీట్లు, స్టీరింగు, ఏసీ సంగతి. ఆ పరీక్షలో రాక్స్‌కి సాటి లేదు. వెనక సీట్లో కూర్చుంటే నాయన దిగనన్నాడు. 2024లో భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో దానికి ఐదు స్టార్లు కూడా వచ్చాయి. గట్టు అనేది లేకపోతే నా ఇంటి ముందు ఇప్పుడు అదే ఉండేది. మూడు తలుపుల థార్‌లో వెనకకి పోవాలంటే ముందు సీటు మడిచి, వంగి, దూరాలి. నాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి "బండి బాగుందబ్బయ్యా, నేను ఎక్కేదానికి మాత్రం కాదు" అన్నాడు. అక్కడితో అది లిస్టులోంచి పోయింది. ఐదు తలుపుల గూర్ఖా లోపల విశాలం, కానీ ఎక్కడం మేడ ఎక్కినంత పని. జిమ్నీకి నేల నుంచి ఎత్తు 210 మిల్లీమీటర్లే, తలుపు తీసి కాస్త ఊతం పట్టుకుంటే నాయన సొంతంగా ఎక్కాడు.

ఇక మన్నిక. దీని మీద నేను ఎక్కువ టైము పెట్టాను. నా బండి తిరుగుడంతా చిన్న చిన్న దూరాలు. ఇంటి నుంచి గుంటకి, గుంట నుంచి మేత గోడౌనుకి, మళ్లీ ఇంటికి. బీఎస్ 6 డీజిల్ బళ్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి హైవే మీద వేడెక్కి కాసేపు ఆగకుండా పరుగెత్తాలి. రోజూ నత్తనడకన నాలుగైదు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తుంటే ఫిల్టరు మూసుకుపోతుంది, డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. ఏ కంపెనీ డీజిల్ బండికైనా ఇదే సూత్రం. పెట్రోలు తాగుడు ఎక్కువే అయినా నా వాడకానికి పెట్రోలే నయమని అక్కడ తేలింది. పైగా జిమ్నీలో ఉన్న కె15బి ఇంజిన్ సియాజ్‌లో, ఎర్టిగాలో వచ్చినదే. ఎర్టిగా టాక్సీలు తిరిగే ఊళ్లో దాన్ని విప్పి బిగించగల మెకానిక్ దొరక్కపోడు. ట్రాన్స్‌ఫర్ కేసు లాంటి ఫోర్ బై ఫోర్ సామాను పాడైతే మాత్రం కంపెనీ సర్వీసే గతి.

ఉప్పుగాలి ఇంకో శత్రువు. మా దగ్గర ఏరియేటర్ బోల్టులే ఒక పంట దాటేసరికి తుప్పు పడతాయి. ఛాసిస్ మీద అడుగున కోటింగ్ వేయించడం, గుంటల నుంచి వచ్చాక అడుగు భాగం మంచినీళ్లతో కడగడం ఏ బండికైనా తప్పదు.

ఇసుక పరీక్ష ఒక తెలిసినాయన జిమ్నీతోనే చేశాం. సముద్రపు నీళ్లలోకి దిగలేదు, వీడియోల కోసం అలల్లో తిప్పేవాళ్లని చూస్తే నాకు ఆ బండి మీద జాలేస్తుంది. ఒడ్డుకి ఇవతల పొడి ఇసుకలో మామూలు గాలితో పోతే కొంచెం దూరానికే చక్రాలు తవ్వడం మొదలుపెట్టాయి. టైర్లలో గాలి పద్దెనిమిది పీఎస్ఐకి దించితే అదే ఇసుకలో నెమ్మదిగా, ఆగకుండా పోయింది. గాలి తీస్తే టైరు అడుగు పరుచుకుంటుంది, బరువు పంచుకుంటుంది. తారు ఎక్కగానే మళ్లీ గాలి కొట్టాలి, గేరు టూ హెచ్‌లోకి, అంటే వెనక చక్రాలు మాత్రమే లాగేలా, మార్చాలి. ఈ రకం ఫోర్ బై ఫోర్‌లో ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే వేగంతో తిరిగేలా బిగిసి ఉంటాయి. ఎండిన తారు మీద మలుపు తిరిగేటప్పుడు ఆ బిగువు వదలక గేర్లు అరిగిపోతాయి.

జిమ్నీ లోపాలు చెప్పకపోతే బావ ఊరుకోడు. నలుగురికే సీట్లు. వెనక డిక్కీ 208 లీటర్లు, రెండు సంచులు పెడితే నిండుతుంది. ముందూ వెనకా గట్టి ఇరుసులు కావడంతో గతుకుల తారు మీద అటూ ఇటూ ఊగుతుంది. నేషనల్ హైవే మీద లారీని దాటాలంటే ముందే గేరు తగ్గించుకుని సిద్ధంగా ఉండాలి. వెలిగొండల దారిలో నలుగురు, ఏసీ, సామాను అంటే ఇంజిన్ అరుస్తుంది. వాగు చప్టా మీద నీళ్లు పారుతుంటే నేను ఆగిపోతాను. బావ తన గూర్ఖాలో దిగుతానంటాడు. 700 మిల్లీమీటర్లు అనేది నిలిచిన నీళ్ల లెక్కని, పారే నీళ్లు బండిని పక్కకి తోస్తాయని చెప్పి చూశాను, వినే రకం కాదు.

చివరికి మాన్యువల్ గేర్ల జిమ్నీ బుక్ చేశాను. ఈ ఐదు తలుపుల బండి గురుగ్రామ్‌లోనే తయారై జపాన్‌కి పోతోంది. 2025లో అక్కడ అమ్మకానికి పెడితే నాలుగు రోజుల్లోనే సుమారు 50 వేల బుకింగులు వచ్చి ఆపేశారట. ఇక్కడ నాకు వెయిటింగే లేదు, పైగా డిస్కౌంట్ కూడా ఇచ్చారు.

డెలివరీ అప్పుడు యాక్సెసరీల కౌంటరు దగ్గర ముందు భాగానికి ఇనుప బుల్ బార్ పెడతామన్నారు. 2017 డిసెంబరులోనే కేంద్రం వాటిని నిషేధించింది, ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు సరిగ్గా తెరుచుకోకుండా అడ్డుపడతాయి కూడా. వద్దన్నాను. కొన్నవి టైర్లకి గాలి కొట్టే పన్నెండు వోల్టుల కంప్రెసర్, లాగడానికి బెల్టు, దాన్ని బండికి తగిలించే రెండు షాకిళ్లు. కంపెనీ టైర్లు తారుకి బాగానే ఉన్నాయి, బురదలో టైరు గాళ్లు మట్టితో త్వరగా నిండిపోతున్నాయి. అదే 195/80 ఆర్15 సైజులో ఆల్ టెరైన్ టైర్లకి ఆర్డరిచ్చాను. అవి వచ్చాక ఈ టైర్లు బావకి ఇస్తానంటే, ఆయన గూర్ఖాకి 18 అంగుళాలవి కావాలంట.