ఆర్‌లో ఫర్ లూపులు తీసేశాక: నా అనుభవం

పన్నెండు నెలల వర్షపాతం ఫైళ్లు చదివి ఒకే పట్టికగా చేసే ఆర్ (గణాంకాలకు వాడే ప్రోగ్రామింగ్ భాష) స్క్రిప్టు అది. ఒకే పనిని చుట్లుచుట్లుగా చేసే లూపులు తీసి ఫంక్షన్ల గొలుసుగా తిరగరాశాను.

ముందు పట్టుకోవాల్సింది ఫైళ్లు చదివే లూపునే. ప్రతి చుట్టులో పాత పట్టికకు ఆర్‌బైండ్‌తో (వరసలు కలిపే ఫంక్షన్) కొత్తది అతికిస్తే, అప్పటిదాకా పోగైన వరసలన్నీ మళ్లీ కాపీ అవుతాయి. ఒక్కోదానికీ ఒకే ఫంక్షన్ వర్తింపజేసి ఫలితాల్ని లిస్టుగా ఇచ్చే ఎల్‌అప్లైతో అన్నీ ఒక లిస్టులోకి చదివి, చివర లిస్టు మొత్తాన్నీ ఒక ఫంక్షన్‌కు అందించే డూ.కాల్‌తో ఆర్‌బైండ్‌ను ఒక్కసారే పిలిచాను. ఇక్కడ రెడ్యూస్ (లిస్టులోని వాటిని ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోయే ఫంక్షన్) వాడకండి. అదీ రెండేసి పట్టికల్నే కలుపుతుంది, కాపీల ఖర్చు తగ్గదు.

ఎల్‌అప్లై ఫలితాల్ని వీలైతే వెక్టర్‌గా (ఒకే రకం విలువల వరుస) కుదించే ఎస్‌అప్లైని నమ్మను. ఖాళీ ఫోల్డరు ఎదురైతే సంఖ్యల వెక్టర్‌కు బదులు ఖాళీ లిస్టు ఇస్తుంది, తప్పు ఇంకెక్కడో బయటపడుతుంది. అలాంటిదే అయిన వీఅప్లైకి ఒక్కో ఫలితం ఒక్కో సంఖ్య అని ముందే చెబితే, తేడా వచ్చిన చోటే ఆగిపోతుంది. తేదీలతో ఇంకో చిక్కుంది: ఫర్ లూపులో తేదీ ఉత్త సంఖ్యగా మారిపోతుంది, ఎల్‌అప్లైలో తేదీగానే ఉంటుంది, ఎస్‌అప్లై దాన్ని మళ్లీ సంఖ్య చేస్తుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది రెండు శాతం గుర్తుల మధ్య మనం పెట్టుకునే ఆపరేటర్ల దగ్గర. పేరు ఏదైనా సరే, అవన్నీ గుణకారం, భాగహారం కంటే ముందే లెక్కకొస్తాయి. మిల్లీమీటర్లను అంగుళాలు చేసి నేను పెట్టుకున్న %గుండ్రం% ఆపరేటర్‌తో దశాంశాలు లేకుండా (0) గుండ్రం చేద్దామని

254 / 25.4 %గుండ్రం% 0

అని రాస్తే ముందు 25.4 కాస్తా 25 అవుతుంది. రావాల్సింది 10, వచ్చేది 10.16. ఎర్రర్ రాదు, అందుకే ప్రమాదం. (254 / 25.4) అని బ్రాకెట్లు పెట్టాలి. 2021లో 4.1.0 వెర్షన్‌తో వచ్చిన |> పైపుకూ (ఎడమవైపు ఫలితాన్ని కుడివైపు ఫంక్షన్‌కు అందించే గుర్తు) ఇదే ప్రాధాన్యం, కాబట్టి అక్కడా ఇదే పొరపాటు జరుగుతుంది. పైపుకు కుడివైపు ఫంక్షన్ పేరొక్కటే రాస్తే చాలదు, పక్కన ఖాళీ బ్రాకెట్లైనా ఉండాలి.

నిన్నటి నిల్వ మీద నేటి వాన కలిపే లెక్కకు మాత్రం రెడ్యూస్ చక్కగా కుదిరింది, మధ్య ఫలితాల్నీ దాచే అక్యుములేట్ ఆన్ చేస్తే రోజువారీ నిల్వలన్నీ వస్తాయి. మొదటి విలువ మనమే ఇస్తే ఫలితాల్లో ఒకటి ఎక్కువ ఉంటుంది. పట్టికలో పెట్టేముందు ఆ మొదటిదాన్ని తీసేయాలి. నిల్వ నిండగానే ఆగాల్సిన లెక్కను లూపుగానే ఉంచాను, రెడ్యూస్‌ను మధ్యలో ఆపే వీలు లేదు.