పక్క మీద అటు నుంచి ఇటు తిరగడమే పెద్ద పనైపోయింది

రెండో కాన్పుకి ఏడో నెలలోనే నడుము కింద, కుడివైపు, పిరుదు మొదలయ్యే చోట పట్టేసినట్టు ఉండేది. ఎవరికి చెప్పినా "అందరికీ ఉండేదేలే, కాన్పయితే పోతుంది" అన్నారు. కాన్పయింది, నొప్పి పోలేదు, పైగా మూడో నెల వచ్చేసరికి పగలూ రాత్రీ దాని గురించే ఆలోచన. పాప ఏడిస్తే పాలివ్వడానికి పక్కకి తిరగాలి కదా, ఆ ఒక్క తిరుగుడుకి మంచం కోడు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, పళ్లు కొరుక్కుంటూ రెండు మూడు వాయిదాల్లో తిరిగేదాన్ని. ఒంటికాలి మీద నిలబడి సల్వార్ వేసుకోవడం మానేశాను. ఆటో ఎక్కాలంటే ముందు వెనక్కి కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి లాక్కోవాలి. ఆటో అబ్బాయి అద్దంలోంచి జాలిగా చూసేవాడు.

అమ్మ నువ్వులనూనె కాచి రుద్ది, వేడినీళ్లు పోసి, పాత నూలుచీరతో నడికట్టు బిగించి కట్టేది. కట్టు ఉన్నంతసేపు నిజంగానే హాయిగా ఉండేది (ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది). పక్కింటి పిన్నిగారేమో "పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించండి" అన్నారు. ఎముక విరగలేదు పిన్నీ అంటే "విరక్కపోతే జరిగి ఉంటుంది" అన్నారు. ఆ "జరిగి ఉంటుంది" అన్న మాట నా బుర్రలో అలా ఉండిపోయింది.

డాక్టరు ఎమ్మారై రాశారు. ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుములోని నాలుగో, అయిదో వెన్నుపూసల మధ్య, మైల్డ్ డిస్క్ బల్జ్ (పూసల మధ్య ఉండే మెత్తటి దిండు కాస్త బయటికి ఉబ్బడం) అని వచ్చింది. బెల్టు, మాత్రలు, మూడు వారాల బెడ్ రెస్టు. ఆ మూడు వారాలూ ఫోన్లో బల్జ్ గురించి చదివీ చదివీ నాకు నేనే ఆపరేషన్ దాకా వెళ్లిపోయాను, లేచి చూస్తే కాళ్లలో సత్తువ కూడా లేదు. తర్వాత ఒకచోట పది సిట్టింగులకి ముందే డబ్బు కట్టించుకుని రోజూ కాపడం, కరెంటు పెట్టేవారు. పదిరోజుల్లో ఒక్కసారి కూడా నన్ను లేచి నడవమనలేదు, ఎక్కడ నొప్పి అని కూడా సరిగ్గా అడగలేదు, ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

మా స్కూల్లో ఇంకో టీచరు చెబితే వేరే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఫైలు పక్కన పెట్టి, ముందు ప్రశ్నలు వేశారు. ఒంటికి వెళ్లేటప్పుడు పట్టు తప్పుతోందా, కూర్చునే చోట మొద్దుబారిందా, జ్వరం వస్తోందా, కాలు ఈడ్చుకుపోతోందా. అవేవీ లేవన్నాను. "ఉంటే మిమ్మల్ని ఇక్కడ పడుకోబెట్టను, నేరుగా ఆసుపత్రికి పంపేదాన్ని" అన్నారు. ఆ తర్వాత "నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండి" అన్నారు. నడుము కింద సొట్ట పడే చోటు ఉంటుంది కదా, సరిగ్గా అక్కడ వేలు పెట్టాను. రెండోసారి అడిగినా అక్కడే.

వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కుడికాలు జానెడు లేపమన్నారు. లేవదే! ఎవరో ఇసుక బస్తా కట్టినట్టుంది. అప్పుడావిడ రెండు అరచేతులూ నా తుంటికి అటూ ఇటూ ఆనించి లోపలికి అదిమి పట్టుకుని "ఇప్పుడు లేపండి" అన్నారు. కాలు లేచింది. అంతే, అదే కాలు, అదే నేను, ఇంకో మాత్ర కూడా వేసుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. "మీ అమ్మగారి నడికట్టు చేసిన పని ఇదే. దీన్ని బయటి నుంచి గుడ్డ కాకుండా లోపలి నుంచి మీ కండరాలు చెయ్యాలి" అన్నారు. వెన్నెముక అడుగున ఉండే త్రికాస్థికీ తుంటి ఎముకకీ మధ్య ఉండే ఎస్‌ఐ జాయింటు దగ్గర నొప్పి ఇది, కడుపుతో ఉన్నప్పుడూ కాన్పు తర్వాతా చాలామందికి వస్తుందట. బల్జ్ సంగతి అడిగితే, ఏ నొప్పీ లేని ముప్ఫై ఏళ్లవాళ్లకి ఎమ్మారై తీసినా నూటికి 40 మందిలో అది కనిపిస్తుందని చెప్పారు. నా మూడు వారాల బెంగకి ఆ ఒక్క ముక్క మందులా పనిచేసింది.

మొదటి నాలుగైదు సార్లు చేతులతో చేసే వైద్యం ఎక్కువ. పక్కకి పడుకోబెట్టి, పై మోకాలు ముడిపించి, అరచేతిలో మణికట్టు వైపు భాగం తుంటి ఎముక మీద ఆనించి ఉయ్యాల ఊపినట్టు ఊపడం, పిరుదు కండరంలో బొటనవేలితో నొక్కి పట్టుకోవడం. ఒకసారి టక్ మంది. జరిగింది సెట్టయిందా మేడమ్ అని ఆశగా అడిగాను. ఆవిడ నవ్వి, "ఏదీ జరగలేదమ్మా. ఆ జాయింటు కదిలేదే రెండు మూడు మిల్లీమీటర్లు, నేను సర్దడానికి అక్కడేం లేదు. బిగుసుకున్నది కాస్త వదులైంది, రెండు రోజులు నొప్పి తగ్గుతుంది, ఆ రెండు రోజుల్లో మీరు వ్యాయామం చేసుకోవాలి" అన్నారు. నిజంగానే రెండు రోజులే తగ్గేది.

వ్యాయామం అంటే ఏదో ఊహించుకున్నాను. మొదటివారం చేయించింది ఊపిరి వదులుతూ పొత్తికడుపు రవ్వంత లోపలికి తీసుకుని పది అంకెలు లెక్కపెట్టడం, అంతే. వీపు కదలకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. దీనికా నాలుగువందలు అనుకున్నాను, తీరా చేస్తే మూడో లెక్కకే ఊపిరి ఆగిపోతోంది. అది పట్టుబడ్డాక నడుము పైకెత్తడం, పక్కకి పడుకుని మోకాళ్లు గవ్వ తెరిచినట్టు తెరవడం, చేతులూ మోకాళ్ల మీద వంగి ఎడంచెయ్యీ కుడికాలూ ఒకేసారి చాపడం. పాప ఇదేదో ఆటనుకుని నా కింద దూరేది. ఎన్నాళ్లు చెయ్యాలి అంటే, నార్వేలో కాన్పు తర్వాత ఇదే నొప్పి ఉన్న 81 మంది ఆడవాళ్ల మీద ఇరవై వారాలు పరిశోధన చేసి 2004లో ఫలితాలు వేశారనీ, ఈ తరహా వ్యాయామాలు చేసినవాళ్లకి రెండేళ్ల తర్వాత కూడా తేడా నిలిచిందనీ చెప్పారు. ఇరవై వారాలా అని నీరసం వచ్చింది, రెండేళ్లు అన్నది తర్వాత వినపడింది.

ఎనిమిదో వారానికి ఒకరాత్రి పాపవైపు తిరిగి పాలిచ్చాక గానీ గుర్తు రాలేదు, కోడు పట్టుకోలేదని. ఆ ధీమాతో నాలుగో నెలలో నిండు గ్యాస్ బండ ఒక్కదాన్నే వంటింట్లోకి ఈడ్చాను, మళ్లీ వారం మంచం. అత్తయ్యగారు ఏమీ అనలేదు గానీ ఆ చూపు చాలు. భయపడుతూ ఫోన్ చేస్తే మేడమ్ తిట్టలేదు, ఒక మెట్టు కిందికి దిగి మళ్లీ మొదలుపెట్టమన్నారు, ఇంకోసారి బండ కదపాల్సి వస్తే ఎత్తేముందే పొత్తికడుపు లోపలికి బిగించుకోమన్నారు.

ఇప్పుడు ఏడాది దాటింది. వారానికి మూడు రోజులు చేస్తున్నాను, పరీక్షల పేపర్లు దిద్దే రోజుల్లో ఎగ్గొడతాను, ఎగ్గొడితే నాలుగోరోజుకి ఆ సొట్ట దగ్గర చిన్నగా తెలుస్తుంది. మొన్న సంక్రాంతికి వాకిట్లో పదిహేను చుక్కల ముగ్గు పెట్టాను, మధ్యలో రెండుసార్లు లేచి నిలబడ్డాను. రథం ముగ్గు మాత్రం మా వదిన వేసింది.